చైన్ కవర్ లోపలి గీత

బండి లేనివాడికే బండ్ల గురించి ఎక్కువ తెలుస్తుంది, పెళ్లికానివాడికి సంసారం గురించి తెలిసినట్టు. నాచారంలో ఆ విద్యలో నాకు కొంత పేరుండేది. అప్పట్లో చిల్కానగర్ నుంచి డ్యూటీకి షేర్ ఆటోలో పోయేవాణ్ణి. డ్రైవర్ పక్కన, సగం సీటు మీద, సగం గాలిలో. పక్కనుంచి పోయే ప్రతి మోటార్ సైకిల్ ఏ ఏడాది మోడలో, దాని ముందుదానికీ దీనికీ తేడా ఏమిటో, తర్వాతది ఎప్పుడొస్తుందో దారి పొడుగునా చెప్పేవాణ్ణి. ఒకరోజు డ్రైవర్ అంతా విని, "గింత తెల్సినోనివి నా ఆటోల ఎందుకు కూసున్నవ్ అన్నా" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. జవాబు కొంచెం పొడుగు, అతని స్టాండు దగ్గరపడింది.

నేను పనిచేసేది పారిశ్రామికవాడ లోపల, రేకును అచ్చు కొట్టే ఒక చిన్న ప్రెస్ షాపులో. ఒక పెద్ద మోటార్ సైకిల్ కంపెనీకి చైన్ కవర్లు చేసేవాళ్లం. వెనక చక్రానికి పోయే గొలుసును కప్పే పొడుగాటి రేకు డబ్బా అది. చీర కొంగూ, పాంటు అంచూ గొలుసులో పడకుండా చూస్తుంది. బండి కొనేవాడు ట్యాంకు చూస్తాడు, లైటు చూస్తాడు, సీటు తట్టి చూస్తాడు. చైన్ కవర్‌ను ఎవరూ చూడరు. దాన్ని చూడటమే నా ఉద్యోగం. ప్రెస్సు కింద నుంచి వచ్చిన ప్రతి కవరునూ గేజి అనే కొలత దిమ్మ మీద పెట్టాలి. రంధ్రాలు సరిగ్గా కూర్చుంటే ఇటు, కూర్చోకపోతే అటు. ఇటు, అటు, ఇటు, ఇటు, అటు. ఐదేళ్లు చేశాను. కాంట్రాక్టు కింద.

ఐదేళ్లు నిండిన వాళ్లను పర్మనెంట్ చేస్తారని షాపులో ఒక మాట ఉండేది. మా సూపర్‌వైజరు భువనగిరి వైపు మనిషి, మంచివాడు. నేనెప్పుడు అడిగినా ఒకే జవాబు. "లిస్టుల నీ పేరు పైననే ఉన్నది తమ్మీ. దసరకల్ల వస్తది." ఏ దసరా అన్నది మాత్రం చెప్పేవాడు కాదు, నేనూ అడిగేవాణ్ణి కాదు. ఇంట్లో అమ్మకు ఒక మాట చెప్పి పెట్టాను. పర్మనెంట్ కాగితం చేతికొచ్చిన రోజు బండి బుక్ చేస్తానని, అది కూడా ఇప్పుడు దొరికేది కాదు, ఆ కంపెనీ తేబోతున్న కొత్త నూట యాభై సీసీది, వన్ ఫిఫ్టీ అని. అంటే కాగితం కోసమూ బండి కోసమూ ఒకేసారి ఎదురుచూస్తున్నాను. కాగితం ముందొచ్చి బండి ఆలస్యమైతే ఎలా అన్నది ఒక్కటే నా బెంగ. ఇప్పుడు రాస్తుంటే నవ్వొచ్చేట్టుంది కానీ రావడం లేదు.

మా పరిశోధన అంతా నాచారం నుంచి మల్లాపూర్ పోయే రోడ్డు మీద, ఒక మెకానిక్ షెడ్డులో జరిగేది. షెడ్డు నడిపే ఆయన్ను అందరూ బావ అనేవారు. ఎవరికి బావో ఎవరికీ తెలియదు. మూడో సభ్యుడు సార్. ఇంటర్ పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పేవాడు, భీమవరం పక్క మనిషి, హబ్సిగూడలో అద్దెకుండేవాడు. ఆయనకున్నది తన్నితే గానీ లేవని పాత స్కూటరు. బావ షెడ్డుకు ఆయన వచ్చింది దాన్ని బాగు చేయించుకోవడానికే. అది బాగుపడలేదు, ఆయన మిగిలిపోయాడు.

సాయంత్రం షిఫ్టు దిగి నేను, ట్యూషన్‌కు ముందు సార్, చేతులకు గ్రీసుతో బావ. ఎదురు హోటలు నుంచి మూడు చాయ్‌లు. సార్ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్కు ఉండేది. అందులో గళ్లు గీసి ఏ కంపెనీ ఏ మోడల్ ఏ నెలలో విడుదల చేసిందో పదేళ్ల చరిత్ర రాసుకున్నాడు. నెట్ సెంటరులో ఫొటోలు ప్రింటు తీసి అంటించేవాడు. ఎక్కడో ఘాట్ రోడ్డు మీద నల్ల టేపు చుట్టి పరీక్షిస్తున్న బండిని ఎవరో దొంగచాటుగా తీసిన ఫొటో, ఆ సెంటరు ప్రింటరులో ఇంకా నల్లబడి, కరెంటు తీగ మీద కాకిలా వచ్చేది.

"ఇది టెస్ట్ బండండీ," అనేవాడు సార్ కాకి మీద పెన్సిలు పెట్టి. "సైలెన్సరు చూడండి, పొట్టిగా ఉంది."

"అది సైలెన్సర్ గాదు సార్, తీసినోని వేలు," అనేవాడు బావ.

ముగ్గురివీ మూడు శాస్త్రాలు. సార్‌ది పంచాంగం. ఏ కంపెనీ అయినా ఆషాఢంలో బండి దించదు, మూఢంలో దించదు, శ్రావణం దాటితే దసరా గిరాకీ అందదు, కాబట్టి బండి దించడానికి దొరికే సందు ఇంతే అనేవాడు. ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు మన ఆషాఢం ఎట్లా తెలుస్తుందని బావ అడిగితే, "అమ్మకాలు పడిపోతే దేవుణ్ణి నమ్మనివాడికి కూడా తెలుస్తుంది బావగారూ" అన్నాడు. బావది స్పేరు పార్టుల శాస్త్రం. పాత మోడలుకు సామాను దొరకడం కష్టమైతే కొత్తది దగ్గర పడ్డట్టు. నాది అన్నిటికన్నా గౌరవప్రదమైనది. నేను లోపలి మనిషిని. ఫ్యాక్టరీ గేటు దాటి నేను తెచ్చే మాటకు హోటలాయన కూడా చాయ్ వడపోత ఆపి వినేవాడు.

లోపలి మనిషినని రుజువు చేయడానికి నా దగ్గర ఒక విద్య ఉండేది. మా కవర్లు తయారయ్యేది డైలో. డై అంటే ఉక్కు అచ్చు, పైన ఒకటి కింద ఒకటి. మధ్యలో రేకు పెట్టి ప్రెస్సు దెబ్బ కొడితే రేకు కవరవుతుంది. నేను చేరిన మొదటి ఏడాదిలో, రంధ్రం కొట్టినప్పుడు ఊడిన చిన్న బిళ్ల ఒకటి బయటికి పోకుండా డైలో ఇరుక్కుంది. నేనూ చూడలేదు, ప్రెస్సు మీద ఉన్నవాడూ చూడలేదు. తర్వాతి దెబ్బకు డై మీద గీత పడింది. అప్పటినుంచి ఆ డై కన్న ప్రతి కవరుకూ లోపలి వైపు, వెనక బోల్టు రంధ్రం పక్కన, వెంట్రుకంత గీత. గోరు పెడితే తగులుతుంది, కంటికి కనపడదు. సూపర్‌వైజరు గోరు పెట్టి చూసి, "లోపల్నే కదా, పోనీ" అన్నాడు. పోనిచ్చాం. ఆ తర్వాత ఉప్పల్ రింగు రోడ్డు మీద ఆగి ఉన్న ఏ బండి దగ్గరైనా వంగి, కవరు వెనక వేలు దూర్చి, "ఇది నా చేతుల మీద పోయింది" అని చెప్పగలిగేవాణ్ణి. ఇద్దరు ముగ్గురు బండి యజమానులు నన్ను పెట్రోలు దొంగ అనుకున్నారు. గొప్ప విద్యలకు ఆ మాత్రం అపార్థం ఉంటుంది.

ఇంకో విషయం కూడా ఒప్పుకోవాలి. కొత్త వన్ ఫిఫ్టీలో ఏమేం ఉండాలని సార్ నోట్‌బుక్కులో మా కోరికల పట్టిక ఉండేది. అందులో మొదటిది నేను రాయించిందే. నిండు చైన్ కవర్ తీసేసి, పైన సగం ప్లాస్టిక్‌ది పెట్టాలని. నిండు కవర్ ఉన్నది అంకుల్ బండి, గొలుసు కనపడేది కుర్రాళ్ల బండి. అప్పటి సౌందర్యశాస్త్రం అది. రోజంతా రేకు కవర్లు చూసేవాడికి వాటి మీద ప్రేమ ఉంటుందనుకోవడం, మిఠాయి కొట్టులో పనిచేసేవాడు ఇంటికిపోయి జిలేబీ తింటాడనుకోవడం లాంటిది.

"మరి అవి లేకపోతే నీకు పనేముంటుందయ్యా?" అని సార్ అడిగాడొకసారి.

"పర్మనెంట్ చేసినంక ఏదో ఒకటి ఇస్తరు సార్. పర్మనెంట్ అంటే గదే కదా."

ఆ జవాబు సార్‌కు నచ్చింది. నాకూ నచ్చింది.

అవి ఊరంతా తారీఖులు చెప్పే రోజులు. రాష్ట్రం ఇస్తామని ఒకసారి, ఆగండని ఒకసారి. బంద్ రోజుల్లో షాపు మూసేవాళ్లు, మేం మాత్రం సగం షట్టరు వేసిన షెడ్డులో కూర్చునేవాళ్లం. హోటలాయన సార్‌ను ఏడిపించేవాడు. "సార్, మీ పుస్తకంల తెలంగాణ ఎప్పుడు లాంచ్ అయితదో రాసిన్రా?"

"బండికైతే చెప్పగలను బాబూ," అనేవాడు సార్. "దానికి కనీసం టెస్ట్ మోడలైనా తిరుగుతుంది."

ఆయన మీద ఎవరికీ కోపం ఉండేది కాదు. స్కూటరు మీద జాలి ఉండేది.

అసలు కబురు మొదలైంది ఒక చలికాలం చివర్లో. షాపులో ఓవర్‌టైం ఆగిపోయింది. నేను అదే సాయంత్రం షెడ్డులో చెప్పాను. సార్ నోట్‌బుక్కు తెరిచాడు. "పాత మోడల్ ఉత్పత్తి తగ్గిస్తున్నారు. అంటే స్టాకు ఖాళీ చేస్తున్నారు." బావ తల ఊపాడు. తనకూ ఆ మోడల్ సామాను సరిగ్గా రావడం లేదట. అంటే మూడు శాస్త్రాల్లో రెండు ఒకే మాట చెప్తున్నాయి. చాయ్ డబ్బులు బావ నా దగ్గర తీసుకోలేదు. ఆ వారమంతా తీసుకోలేదు.

నెల తిరిగాక రెండు ప్రెస్సుల్లో ఒకటి ఆపేశారు. అదీ చెప్పాను. సార్ ఆ సందును శ్రావణానికి కుదించాడు. పర్మనెంట్ లిస్టు గురించి అడిగితే సూపర్‌వైజరు "చూద్దాం తమ్మీ" అన్నాడు. ఐదేళ్లలో మొదటిసారి దసరా అనలేదు. అది మాత్రం షెడ్డులో చెప్పలేదు. అది బండికి సంబంధించిన కబురు కాదు కదా.

ఎండలు ముదిరాక డై దించారు. మా షాపులో ఒక పద్ధతి ఉంది. డైని ప్రెస్సు మీద నుంచి దించేటప్పుడు, దాని కింద నుంచి వచ్చిన ఆఖరి పీసును దానికే తీగతో కట్టేస్తారు. మళ్లీ ఎక్కించినప్పుడు మొదటి పీసును ఆ ఆఖరి పీసుతో పోల్చి, అచ్చు చెడిందో లేదో చూస్తారు. ఆ పీసును సరిచూసి, చీటీ రాసి కట్టేది నేనే. ఎన్నోసార్లు కట్టాను. ఈసారి కట్టాక గ్రీసు పూశారు. ఎప్పుడూ వేలితో పూసేవాళ్లు, ఈసారి చేతులతో పూశారు. పైన పాలిథిన్ చుట్టారు. చీటీలో షిఫ్టు రాశాను, "ఓకే" అని రాశాను, సంతకం పెట్టాను. లోపలి గీత లాంటి లోపాలు రాయాల్సిన గడి ఒకటి ఉంది. ఎప్పటిలాగే ఖాళీగా వదిలేశాను.

రెండు రోజుల తర్వాత లారీ వచ్చి డైని తీసుకుపోయింది. క్రేను గొలుసుకు వేలాడుతూ అది గేటు దాటుతుంటే అందరూ పని ఆపి చూశారు. నేను మాత్రం లారీ నంబరు ప్లేటు చదువుతున్నాను. ఆ సాయంత్రం ఆటో కోసం కూడా ఆగలేదు, షెడ్డు దాకా నడిచేశాను. దాదాపు పరుగే.

"డై పోయింది సార్. ఉత్తరాది బండి, కొండల వైపు రాష్ట్రం నంబరు."

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అక్కడ పన్నులు మాఫీ. కొత్త ప్లాంటు పెట్టారని చదివాను." నోట్‌బుక్కులో ఎక్కడో వెనక్కి పోయి వేలు పెట్టాడు. "డై మార్పు చేయించడానికి తీసుకెళ్లి ఉంటారు. అంటే కొత్త మోడల్ అక్కడి నుంచే వస్తుంది. ప్లాంటు కుదురుకోవడానికి మూడు నెలలు. అంటే..." గళ్ల మీద పెన్సిలు నడిపి శ్రావణంలో ఒక శుక్రవారం దగ్గర సున్నా చుట్టాడు. "ఇది. నాలుగు రోజులు అటూ ఇటూ."

హోటలాయన మూడు చాయ్‌లు, అడగకుండానే ఉస్మానియా బిస్కట్లు పంపాడు. నేను ఆ రోజు ఆ రోడ్డు మీద చాలా పెద్దమనిషిని.

బావ ఒక్కడే బిస్కట్ ముట్టుకోలేదు. రెంచి తుడుస్తూ, "మరి మీ కాడ ఇప్పుడేం జేస్తర్రా?" అన్నాడు.

"ఏం జేస్తం? కొత్త డై వస్తది."

"వస్తదని జెప్పిన్రా?"

"చెప్పాల్నా బావ? డై లేకుండ షాపు ఎందుకుంటది?"

బావ నా వంక చూశాడు, సార్ వంక చూశాడు. సార్ ఆ శుక్రవారం తిథి ఏమిటో లెక్కపెడుతున్నాడు. బావ "సరే" అని మళ్లీ రెంచి తుడవడం మొదలుపెట్టాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

నేను కట్టిన వాదన ఎంత గట్టిదో చూడండి. డై లేకుండా షాపు ఎందుకుంటుంది. ముక్క ముక్కా నిజమే. పది రోజుల తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం సూపర్‌వైజరు మా తొమ్మిది మందిని గోడౌను పక్కన నిలబెట్టి అదే వాదన వినిపించాడు. ఇంకో కంపెనీ ఆర్డరు కోసం చూస్తున్నారట, దొరికితే పిలుస్తారట. ప్రసంగం చిన్నదే. ఎవరూ ఏడవలేదు, ఎవరూ తిట్టలేదు. మాలో ఒకతను మధ్యాహ్నం బస్సుకు టైమైందని వాచీ చూసుకున్నాడు. చివర్లో నన్ను పక్కకు పిలిచి సూపర్‌వైజరు అన్నాడు:

"లిస్టుల నీ పేరు నిజంగనే పైన ఉండె తమ్మీ."

"ఇప్పుడు లిస్టు ఎక్కడున్నది అన్నా?"

"లిస్టుకేం, ఉన్నది ఆఫీసుల."

"జర మంచిగ చూస్కోండ్రి మరి."

అతను నవ్వబోయి ఆగాడు. నేను జోకు వేశానో లేదో అతనికి అర్థం కాలేదు. నాకూ సరిగ్గా తెలియదు. గేజిని తుడిచి బల్ల మీద పెట్టి బయటికి వచ్చాను. ఏదో అనిపిస్తుందేమోనని గేటు దగ్గర కాసేపు నిలబడ్డాను. ఆటో వచ్చింది.

ఇంట్లో అమ్మ బియ్యం ఏరుతోంది. ఆ వేళకు నేను రావడం చూసి చాట పక్కన పెట్టింది.

"పోయిందా?"

"పోయింది."

"అన్నం పెట్టాల్నా?"

"పెట్టు."

తిన్నాను. పప్పులో ఉప్పు సరిపోయింది. అది గుర్తుంది, ఎందుకో.

షెడ్డులో సోమవారం చెప్పాను. సార్ నోట్‌బుక్కు తెరిచాడు. ఓవర్‌టైం ఆగిన తారీఖు, ప్రెస్సు ఆపిన తారీఖు, లారీ వచ్చిన తారీఖు, ఆయన చేతిరాతలో వరుసగా ఉన్న గళ్లన్నీ చూశాడు. ప్రతి గడి పక్కనా బ్రాకెట్లో "లోపలి సమాచారం" అని ఉంది. అన్నీ నేనిచ్చినవే. నా ఉద్యోగం పోవడాన్ని మూడు నెలలుగా తారీఖులతో సహా చెప్పుకుంటూ వచ్చాం. ఇంత శ్రద్ధగా ఇంకెవరి ఉద్యోగమూ పోయి ఉండదు.

"నాకు తట్టలేదయ్యా," అన్నాడు సార్.

"నాకే తట్టలే సార్. మీకెందుకు తడ్తది."

"బావకు తట్టింది," అన్నాడాయన.

బావ ఇంజను మీద వంగి ఉన్నాడు. తల ఎత్తకుండానే, "నాకేం తెల్సు, ఊరికే అడిగిన," అన్నాడు.

చాయ్ వచ్చింది. ఆ రోజు మాత్రం డబ్బులు నేనే ఇచ్చాను. బావ తీసుకోనంటే హోటలాయన చేతిలో పెట్టాను.

తర్వాత చర్లపల్లిలో ఒక ప్లాస్టిక్ షాపులో చేరాను. బకెట్లకు కడియాలు తగిలించే పని. కాంట్రాక్టే. అక్కడ మనసుకు ఒక ప్రశాంతత ఉంది. కొత్త మోడల్ బకెట్ ఎప్పుడొస్తుందని ఎవరూ అడగరు. నల్ల టేపు చుట్టిన బకెట్‌ను ఘాట్ రోడ్డు మీద ఎవరూ ఫొటో తీయరు. షెడ్డుకు వారానికి ఒకసారి పోయేవాణ్ణి. నా దగ్గర కబుర్లు లేవు కాబట్టి పత్రికలు తిరగేసేవాణ్ణి.

ఆ ఆషాఢం చివర్లో రాష్ట్రం ఇస్తున్నామని ఢిల్లీ నుంచి మాట వచ్చింది. రోడ్డు మీద టపాకాయలు, గులాల్. హోటలాయన సార్ ముఖానికి కూడా గులాల్ పూశాడు. సార్ కళ్లద్దాలకంటిన గులాబీ రంగులోంచి చూస్తూ, "ఇదైతే నా పుస్తకంలో లేదు బాబూ," అన్నాడు. శ్రావణం వచ్చింది. సార్ సున్నా చుట్టిన శుక్రవారం ఏమీ జరగలేదు. తర్వాతి మంగళవారం కొత్త వన్ ఫిఫ్టీ విడుదలైంది. నాలుగు రోజులు. అటూ ఇటూ అన్నాడు, అటే అయింది.

ఆదివారం ముగ్గురం ఉప్పల్ షోరూముకు పోయాం. బావ బండి మీద నేనూ బావా, వెనక సార్ స్కూటరు, దారిలో రెండుసార్లు ఆగి. అద్దాల వెనక, రిబ్బను కట్టి, ఎర్రటిది. బావ దాని చుట్టూ ఒకసారి తిరిగివచ్చాడు.

"ఇంజన్ పాతదే. ఫ్రేమ్ పాతదే. లైట్ మార్చిన్రు." కాస్త ఆగాడు. "ఇంక స్టిక్కర్."

"మీటరు డిజిటల్ చేశారు," అన్నాడు సార్, చనిపోయినవాళ్ల గురించి ఒక మంచి మాట చెప్పినట్టు.

నేను చూసింది వెనక చక్రం వైపు. నిండు చైన్ కవర్. నల్ల రంగు, రేకుది. మా కోరికల పట్టికలో మొట్టమొదట తీసేయమన్నది. డైకి మార్పేమీ చేయలేదు, అంతదూరం తీసుకుపోయి అలాగే ఎక్కించారు. ఆ బండిలో నిజంగా మారిన భాగం దాన్ని గేజి మీద పెట్టే మనిషి.

మోకాళ్ల మీద కూర్చుని, కవరు వెనక్కి చెయ్యి పోనిచ్చి, బోల్టు రంధ్రం పక్కన గోరు పెట్టాను. కింద పాలిష్ బండలు చల్లగా ఉన్నాయి. సేల్స్ కుర్రాడు నా వంక ఇబ్బందిగా చూస్తున్నాడు. పెట్రోలు దొంగ అనుకోవడానికి బండిలో ఇంకా పెట్రోలు పోయలేదు.

"ఉన్నదా?" అన్నాడు బావ వెనకనుంచి.

"ఉన్నది."

వెంట్రుకంత. అదే చోట. అక్కడ ఎవరో ఒకతను నేను కట్టిన ఆఖరి పీసును పక్కన పెట్టుకుని, మొదటి పీసును దానితో పోల్చి, రెంటిలోనూ గీత ఉంది కాబట్టి సరిపోయిందని ఓకే రాసి ఉంటాడు. పద్ధతి ప్రకారం అతను చేసింది సరైందే. నేనైనా అదే రాసేవాణ్ణి.

లేచి చెయ్యి పాంటుకు తుడుచుకున్నాను. సార్ నోట్‌బుక్కులో మంగళవారం దగ్గర టిక్కు పెట్టాలా వద్దా అన్నట్టు పెన్సిలు పట్టుకుని నా వంక చూస్తున్నాడు. "పెట్టండి సార్, కరెక్టే కదా," అన్నాను. పెట్టాడు.

సేల్స్ కుర్రాడు కాగితాలు పెట్టిన అట్టతో దగ్గరికొచ్చాడు. "బుక్ చేస్తరా సార్? శ్రావణం ఆఫర్ నడుస్తుంది."

"దసరకు చూస్తా," అన్నాను.

ఏ దసరా అని అతను అడగలేదు.